వరి పుష్పకం వేడిని కొలిచే సన్నని తీగ: సూక్ష్మ ఉష్ణయుగ్మాల రూపకల్పనలో పాటించవలసిన నియమాలు

తెలంగాణలో ఆలస్యంగా నాటిన యాసంగి వరి మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పూతకు వస్తుంది. ఆ సమయంలో పగటి వేడి పూతపై చూపే ప్రభావం పంట దిగుబడిని నిర్ణయించే అంశాలలో ఒకటి. వరి పూలు సాధారణంగా ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నం లోపు విచ్చుకుంటాయి. ఒక్కొక్క పుష్పకం సుమారు గంటసేపు మాత్రమే తెరచి ఉంటుంది. పుప్పొడి రాలడం, కీలాగ్రంపై మొలకెత్తడం ఆ స్వల్ప వ్యవధిలోనే జరగాలి. అప్పుడు వేడి హద్దు దాటితే ఫలదీకరణ దెబ్బతిని, రైతు చేతికి గింజకు బదులు తాలు వస్తుంది.

ఈ హద్దు ఎంత అన్న ప్రశ్నకు 2007లో జగదీష్, క్రౌఫర్డ్, వీలర్ ప్రచురించిన పరిశోధన స్పష్టమైన సమాధానం ఇచ్చింది. పూత సమయంలో పుష్పక కణజాల ఉష్ణోగ్రత 33.7 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి ఉంటే, గంట కంటే తక్కువ సమయమైనా వంధ్యత్వం కలిగించడానికి చాలునని వారు చూపారు. ఐఆర్ 64 రకంలో 29.6 డిగ్రీలకు పైన పెరిగే ప్రతి డిగ్రీకి పుష్పకాల ఫలవంతత సుమారు 7 శాతం తగ్గింది. ఇక్కడ గమనించవలసిన మాట ‘పుష్పక కణజాల ఉష్ణోగ్రత’. అది వాతావరణ కేంద్రంలోని పెట్టె చూపే గాలి ఉష్ణోగ్రత కాదు. పొడిగాలి వీచే చోట పుష్పకం నీటిని ఆవిరి చేసుకొని గాలికంటే అనేక డిగ్రీలు చల్లగా ఉండగలదు. తేమ ఎక్కువగా ఉన్న తీరప్రాంతపు దాళ్వా పైరులో ఆ వెసులుబాటు తక్కువ. అందువలన గాలి ఉష్ణోగ్రత ఒకటే అయిన రెండు మడులలో తాలు శాతం వేరు వేరుగా ఉండవచ్చు.

కాబట్టి వేడిని తట్టుకునే రకాలను ఎంపిక చేయాలన్నా, పూతకాలంలో నీటి యాజమాన్యంపై రైతులకు సలహా ఇవ్వాలన్నా పుష్పకం ఉష్ణోగ్రతనే కొలవాలి. ఎనిమిది మిల్లీమీటర్ల పొడవు, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉండే ఆ చిన్న అవయవంలోకి కొలిచే సాధనాన్ని పంపినప్పుడు, ఆ సాధనమే దాని ఉష్ణోగ్రతను మార్చివేయకుండా చూడడం ఎలా అన్నది అసలు సమస్య. సూక్ష్మ ఉష్ణయుగ్మం, అంటే వాడుకలో చెప్పే థర్మోకపుల్, రూపకల్పన అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

పనిచేసే సూత్రం

రెండు వేరు వేరు లోహపు తీగలను రెండు చివరలా కలిపి, ఒక సంధిని వేడిగానూ రెండవదానిని చల్లగానూ ఉంచితే ఆ వలయంలో విద్యుత్తు ప్రవహిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త థామస్ యోహాన్ సీబెక్ 1821లో దీనిని గుర్తించాడు. వలయం పక్కన ఉంచిన దిక్సూచి ముల్లు కదలడం చూసి, అది అయస్కాంత ప్రభావమని ఆయన భావించాడు. అది విద్యుత్ ప్రభావమేనని తరువాత తేలింది. వలయాన్ని ఒకచోట తెరచి వోల్టేజిని కొలిస్తే, అది రెండు సంధుల మధ్య గల ఉష్ణోగ్రతా భేదంపై ఆధారపడి ఉంటుంది. ఒక సంధి ఉష్ణోగ్రత తెలిస్తే రెండవదాన్ని లెక్కకట్టవచ్చు.

సూత్రం సులభమే అయినా దానిలో ఒక మెలిక ఉంది. ఉష్ణయుగ్మం చెప్పేది ఆకు ఉష్ణోగ్రతనో, గాలి ఉష్ణోగ్రతనో కాదు; తన సంధి ఉష్ణోగ్రతను మాత్రమే. ఆ సంధి తాను తాకిన ఆకునుంచి వేడిని తీసుకుంటుంది. చుట్టూ ఉన్న గాలితో సంవహనం ద్వారా వేడిని ఇచ్చిపుచ్చుకుంటుంది. ఎండనుంచి వికిరణాన్ని గ్రహిస్తుంది. తనకు కలిసి ఉన్న తీగల వెంట వహనం ద్వారా వేడిని పోగొట్టుకోవచ్చు లేదా పొందవచ్చు. ఈ నాలుగు మార్గాల మధ్య సమతుల్యం ఎక్కడ కుదిరితే అక్కడ సంధి ఉష్ణోగ్రత నిలుస్తుంది. మనం కోరే వస్తువుతో బంధాన్ని బలంగానూ, మిగిలిన మూడింటితో బంధాన్ని బలహీనంగానూ ఉంచడమే రూపకర్త పని.

లోహాల ఎంపిక

వ్యవసాయ పరిశోధనలో మూడు జతలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. టి రకంలో రాగి, కాన్‌స్టాంటన్ తీగలు. ఇ రకంలో క్రోమెల్, కాన్‌స్టాంటన్ తీగలు. కె రకంలో క్రోమెల్, అల్యూమెల్ తీగలు ఉంటాయి. కాన్‌స్టాంటన్ అనేది సుమారు 55 శాతం రాగి, 45 శాతం నికెల్ గల మిశ్రమ లోహం. క్రోమెల్‌లో సుమారు 90 శాతం నికెల్, 10 శాతం క్రోమియం ఉంటాయి.

సాధారణ వాతావరణ ఉష్ణోగ్రతల వద్ద టి, కె రకాలు ఒక డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తే, ఇ రకం సుమారు 61 మైక్రోవోల్టులు ఇస్తుంది. అంటే ఇ రకంలో సంకేతం ఒకటిన్నర రెట్లు. అంతకంటే ముఖ్యమైన తేడా ఉష్ణవాహకతలో ఉంది. రాగి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 400 వాట్లు. కాన్‌స్టాంటన్, క్రోమెల్ రెండింటికీ అది సుమారు 20 వాట్లు మాత్రమే. రాగి తీగ సంధినుంచి వేడిని ఇరవై రెట్లు సులభంగా మోసుకుపోతుంది. నేల ఉష్ణోగ్రతలో దీనివలన పెద్ద నష్టం లేదు. తీగను ఒకే లోతులో కొంత దూరం పరిస్తే సరిపోతుంది. చిన్న అవయవాల దగ్గరికి వచ్చేసరికి ఇదే ప్రధాన దోషంగా మారుతుంది. అందుచేత సూక్ష్మ కొలతలకు ఇ రకం మొదటి ఎంపిక. రాగి తీగ సులువుగా దొరుకుతుంది, సులువుగా టంకానికి అతుకుతుంది అన్న కారణంతో టి రకాన్నే అన్నిటికీ వాడడం ప్రయోగశాలల్లో సామాన్యంగా కనిపించే అలవాటు. కొలిచే వస్తువు చిన్నదైన కొద్దీ ఆ అలవాటును పునఃపరిశీలించుకోవాలి.

తీగ వ్యాసం, స్పందన వేగం

సంధిని హఠాత్తుగా కొత్త ఉష్ణోగ్రతలో ఉంచినప్పుడు, మొత్తం మార్పులో 63 శాతాన్ని చేరుకోవడానికి పట్టే సమయాన్ని కాల స్థిరాంకం అంటారు. దానికి ఐదు రెట్ల సమయంలో మార్పు 99 శాతం పూర్తవుతుంది. గాలిలో ఉన్న తీగకు కాల స్థిరాంకాన్ని నిర్ణయించేవి రెండు: తీగ తనలో దాచుకోగల వేడి, దాని ఉపరితలం నుంచి గాలికి వేడి చేరే వేగం. తీగ సన్నబడితే మొదటిది తగ్గుతుంది, రెండవది పెరుగుతుంది. ఎందుకంటే సన్నని తీగ చుట్టూ అంటిపెట్టుకొని ఉండే నిశ్చల గాలిపొర కూడా పలుచనవుతుంది. రెండు ప్రభావాలూ ఒకే దిశలో పనిచేయడం వలన వ్యాసం సగమైతే కాల స్థిరాంకం సుమారు మూడో వంతుకు పడిపోతుంది.

సెకనుకు 1 మీటరు వేగంతో గాలి తీగకు అడ్డంగా వీస్తున్నదని, చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో సగాన్ని తీగ గ్రహిస్తున్నదని అనుకొని లెక్కిస్తే వచ్చే విలువలు ఈ కింది విధంగా ఉంటాయి.

| తీగ వ్యాసం (మైక్రోమీటర్లు) | కాల స్థిరాంకం (సెకన్లు) | ఎండలో గాలికంటే అదనపు వేడి (డిగ్రీలు) |
|---|---|---|
| 500 | 2.9 | 1.0 |
| 75 | 0.14 | 0.33 |
| 25 | 0.02 | 0.16 |
| 13 | 0.007 | 0.10 |

మనిషి తలవెంట్రుక వ్యాసం సుమారు 70 మైక్రోమీటర్లు. అంటే పట్టికలోని రెండవ తీగ వెంట్రుకంత, మూడవది వెంట్రుకలో మూడో వంతు. పట్టికలోని చివరి నిలువు వరుస సన్నని తీగకు గల మరొక ప్రయోజనాన్ని చూపుతుంది. గాలితో బంధం బలపడిన కొద్దీ ఎండ ప్రభావం తగ్గుతుంది. అందువలన గాలి ఉష్ణోగ్రతను కొలిచే 25 మైక్రోమీటర్ల తీగకు తెల్లని పెట్టె గానీ, గాలిని లాగే ఫ్యాను గానీ అవసరం ఉండదు. అయితే ఇవి సెకనుకు 1 మీటరు గాలికి వర్తించే విలువలు. పైరు గుబురు లోపల గాలి మందగించినప్పుడు రెండు సంఖ్యలూ పెరుగుతాయి. సంధి వద్ద టంకం పూస పెద్దదైతే ఇంకా పెరుగుతాయి. ఎందుకంటే అప్పుడు ఎండ చూసేది తీగను కాదు, పూసను.

తీగ వెంట పారిపోయే వేడి

పుష్పకంలో ఉష్ణోగ్రతను కొలిచే సందర్భంలో అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. గాలిలో ఉన్న తీగ ప్రతి భాగమూ ఒక చిన్న రెక్కలా పనిచేసి వేడిని గాలికి ఇస్తుంది, లేదా గాలినుంచి తెచ్చుకుంటుంది. ఒక చివర వేడిగా ఉంటే ఆ ప్రభావం తీగ వెంట ఎంత దూరం వరకు కనిపిస్తుందో చెప్పే కొలతను క్షీణ దూరం అనవచ్చు. తీగ ఉష్ణవాహకతను, వ్యాసాన్ని గుణించి, ఉపరితల ఉష్ణ బదిలీ గుణకానికి నాలుగు రెట్లతో భాగించి, వర్గమూలం తీస్తే ఇది వస్తుంది. 75 మైక్రోమీటర్ల కాన్‌స్టాంటన్ తీగకు సెకనుకు 1 మీటరు గాలిలో ఇది సుమారు 0.9 మిల్లీమీటర్లు. అదే వ్యాసం గల రాగి తీగకు సుమారు 4 మిల్లీమీటర్లు. 500 మైక్రోమీటర్ల రాగి తీగకు సుమారు 18 మిల్లీమీటర్లు. అంటే వరి పుష్పకం పొడవుకు రెట్టింపు కంటే ఎక్కువ.

దీని ఫలితాన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఎనిమిది మిల్లీమీటర్ల పొడవు, రెండున్నర మిల్లీమీటర్ల మందం గల పుష్పకాన్ని తీసుకుందాం. అదే గాలిలో అది సంవహనం, వికిరణం ద్వారా పరిసరాలతో డిగ్రీకి సుమారు 4.5 మిల్లీవాట్ల వేడిని మార్చుకుంటుంది. ఇందులోకి 500 మైక్రోమీటర్ల టి రకం ఉష్ణయుగ్మాన్ని గుచ్చితే, రాగి తీగ ఒక్కటే డిగ్రీకి సుమారు 4.3 మిల్లీవాట్లు, కాన్‌స్టాంటన్ తీగ సుమారు 1 మిల్లీవాటు పుష్పకంలోకి చేరవేయగలవు. అంటే గాలితో పుష్పకానికి ఉన్న సంబంధం కంటే తీగల ద్వారా ఏర్పడిన సంబంధమే బలమైనది. పుష్పకం గాలికంటే 4 డిగ్రీలు చల్లగా ఉన్నప్పుడు ఆ తేడాలో దాదాపు సగం మాయమవుతుంది. 37 డిగ్రీల గాలిలో నిజంగా 33 డిగ్రీల వద్ద ఉన్న పుష్పకాన్ని ఈ సాధనం 35 డిగ్రీలుగా చూపుతుంది.

ఇది కేవలం చూపడంలోని పొరపాటు కాదు. తీగలు తెచ్చిన వేడితో ఆ పుష్పకం నిజంగానే వేడెక్కింది. సాధనం తాను కలిగించిన ఉష్ణోగ్రతను తానే నిజాయితీగా కొలుస్తున్నది. అందుచేత ప్రయోగశాలలో నీటి తొట్టెలో ఎంత జాగ్రత్తగా క్రమాంకనం చేసినా ఈ దోషం బయటపడదు. నీటిలో అది సరిగ్గానే పనిచేస్తుంది. పుష్పకంలోకి వెళ్ళిన తరువాతే తప్పు పుడుతుంది.

ఫలితాన్ని 33.7 డిగ్రీల హద్దుతో పోల్చి చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. 33 డిగ్రీల వద్ద ఉన్న పుష్పకాలు సురక్షితమైన వైపు ఉన్నాయి; వాటిలో గింజ కట్టడం సహజం. కొలతపట్టికలో మాత్రం 35 డిగ్రీలని నమోదవుతుంది. హద్దు దాటినా గింజ కట్టింది కాబట్టి ఆ రకం వేడిని తట్టుకుంటుందని పరిశోధకుడు తేల్చుకుంటాడు. నిజానికి ఆ రకానికి వేడి పరీక్షే ఎదురుకాలేదు. ఐఆర్ 64లో డిగ్రీకి 7 శాతం తగ్గుదల అన్న లెక్కన చూస్తే, రెండు డిగ్రీల దోషం అంటే 14 శాతం ఫలవంతతను తప్పు ఖాతాలో రాయడమే. అటువంటి రకాన్ని తేమ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో సిఫారసు చేస్తే, నష్టపోయేది తీగను ఎంచుకున్న వ్యక్తి కాదు, విత్తనం చల్లిన రైతు.

అదే పుష్పకంలో 25 మైక్రోమీటర్ల ఇ రకం ఉష్ణయుగ్మాన్ని ఉంచితే రెండు తీగలూ కలిసి డిగ్రీకి సుమారు 0.055 మిల్లీవాట్లు మాత్రమే చేరవేస్తాయి. అది పుష్పకం సహజ ఉష్ణ వినిమయంలో ఒక శాతం చిల్లర. నాలుగు డిగ్రీల తేడాపై దోషం 0.05 డిగ్రీలకు పరిమితమవుతుంది. తీగ సన్నదనం, లోహం ఎంపిక కలిసి దోషాన్ని దాదాపు నలభై రెట్లు తగ్గించాయన్న మాట.

వేగం ఎక్కడ అవసరం, సన్నదనం ఎక్కడ అవసరం

సూక్ష్మ ఉష్ణయుగ్మం అనగానే వేగం గుర్తుకు వస్తుంది. అయితే వేగం, సూక్ష్మత రెండు వేరు అవసరాలు. పై పుష్పకానికే సొంత కాల స్థిరాంకం సుమారు 10 నుంచి 30 సెకన్లు ఉంటుంది. అంత నెమ్మదిగా మారే వస్తువును కొలవడానికి సెకనులో యాభయ్యో వంతు వేగం అక్కరలేదు. అక్కడ సన్నని తీగ కావలసింది పుష్పకాన్ని కదిలించకుండా ఉండడం కోసం. ఐదు సెకన్లకు ఒకసారి నమోదు చేసి, నిమిషపు సగటు తీసుకుంటే చాలు.

వేగం నిజంగా అవసరమయ్యేది పైరు పైన కదిలే గాలిలో. పగటిపూట గాలి ముద్ద ఒకటి పైరులోకి దిగి, కొంతసేపు ఆకుల మధ్య ఉండి క్రమంగా వేడెక్కి, హఠాత్తుగా పైకి లేచిపోతుంది. దాని స్థానంలో పైనుంచి చల్లని గాలి దిగుతుంది. ఉష్ణోగ్రతను వరుసగా నమోదు చేస్తే మెల్లగా ఎక్కి ఒక్కసారి పడిపోయే రంపపు పళ్ళలాంటి గీత కనిపిస్తుంది. ఆ పళ్ళ ఎత్తు, నిడివి తెలిస్తే పైరునుంచి గాలిలోకి చేరే ఉష్ణ ప్రవాహాన్ని అంచనా వేయవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణ శాస్త్రవేత్తలు 1990ల్లో అభివృద్ధి చేసిన సర్ఫేస్ రెన్యూవల్ పద్ధతి దీనిపైనే ఆధారపడింది. నికర వికిరణం నుంచి నేలలోకి, వరిమడిలోనైతే నిలిచిన నీటిలోకి కూడా వెళ్ళే వేడిని, గాలిలోకి వెళ్ళే వేడిని తీసివేస్తే మిగిలేది నీటిని ఆవిరి చేసిన శక్తి. ఒక మిల్లీమీటరు నీరు ఆవిరి కావడానికి చదరపు మీటరుకు సుమారు 2.45 మెగాజౌళ్ళు కావాలి కాబట్టి పైరు నీటి వినియోగం వెంటనే తెలుస్తుంది.

ఈ పద్ధతిలో సుమారు 75 మైక్రోమీటర్ల తీగను విస్తృతంగా వాడుతున్నారు. దాని కాల స్థిరాంకం 0.14 సెకను. సెకనుకు ఒకసారి జరిగే హెచ్చుతగ్గులలో నాలుగింట మూడు వంతులను అది చూపగలదు. 500 మైక్రోమీటర్ల తీగ అదే హెచ్చుతగ్గులలో ఇరవయ్యో వంతును మాత్రమే చూపుతుంది. పది సెకన్లకోసారి వచ్చే మార్పులో కూడా సగానికంటే తక్కువే. దానితో కొలిస్తే రంపపు పళ్ళు అరిగిపోయి, గాలిలోకి వెళ్ళే వేడి తక్కువగా లెక్కకు వస్తుంది. ఆ మేరకు పైరు నీటి అవసరం ఎక్కువగా అంచనా అవుతుంది. 13 మైక్రోమీటర్ల తీగ ఇంకా మెరుగే అయినా వర్షపు చినుకుకు, వాలిన పురుగుకు తెగిపోతుంది. సంవత్సరకాలం పొలంలో నిలవవలసిన కొలతకు, వేగం కొంత వదులుకొని మన్నికను తీసుకోవడం సరైన బేరం.

తయారీలో జాగ్రత్తలు

సన్నని తీగతో చేసే సంధి కూడా సన్నగానే ఉండాలి. రెండు తీగల కొనలను సూక్ష్మదర్శిని కింద ఒకదానినొకటి తాకేలా అమర్చి, కెపాసిటర్‌లో నిల్వ ఉంచిన విద్యుత్తును ఒక్క క్షణంలో వదిలి వెల్డింగ్ చేసే పద్ధతి ఉత్తమం. పూస వ్యాసం తీగ వ్యాసానికి రెట్టింపు మించకూడదు. విద్యుత్ శక్తి ఎక్కువైతే తీగ ఎగిరిపోతుంది, తక్కువైతే అతుకు బలహీనమవుతుంది. మొదట కొన్ని ముక్కలపై ప్రయత్నించి సరైన స్థాయిని నిర్ణయించుకోవాలి. టంకం వాడక తప్పనప్పుడు చాలా కొద్దిగా వాడి, మిగిలినదానిని తుడిచివేయాలి. తీగలను ఒకదానిపై ఒకటి పలుమార్లు మెలిపెట్టడం మంచిది కాదు. మెలికలో తీగలు మొదట తాకే చోటే కొలత జరుగుతుంది. కొన వద్ద కాదు.

సన్నని తీగను లాగర్ వరకు కొనసాగించకూడదు. 25 మైక్రోమీటర్ల క్రోమెల్, కాన్‌స్టాంటన్ జత నిరోధం ప్రతి సెంటీమీటరుకు సుమారు 24 ఓమ్‌లు. పది మీటర్లకు అది 24 వేల ఓమ్‌లకు చేరి సంకేతంలో రొద పెరుగుతుంది. అందుచేత కొద్ది మిల్లీమీటర్లు సన్నని తీగను విడిచిపెట్టి, అక్కడినుంచి అదే లోహాల మందపాటి తీగలకు అతకాలి. క్రోమెల్‌కు క్రోమెల్‌నే, కాన్‌స్టాంటన్‌కు కాన్‌స్టాంటన్‌నే కలపాలి. వేరే లోహం మధ్యలో చేరి దాని రెండు చివరలూ వేరు వేరు ఉష్ణోగ్రతల్లో ఉంటే కొత్త వోల్టేజి పుడుతుంది.

విడిచిన సన్నని తీగ ఎంత పొడవు ఉండాలన్నది క్షీణ దూరమే చెబుతుంది. మందపాటి తీగ వేడి సంధిని చేరకుండా ఉండాలంటే సంధికి ఇరువైపులా కనీసం ఐదు క్షీణ దూరాలు ఉండాలి. 75 మైక్రోమీటర్ల కాన్‌స్టాంటన్‌కు అది సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు. అదే మందం రాగికైతే 20 మిల్లీమీటర్లు కావాలి. అంత పొడవైన తీగ గాలికి ఊగి తెగిపోతుంది.

అమర్చే తీరు

ఆకుపై కొలిచేటప్పుడు సంధిని ఆకు అడుగుభాగాన, నీడవైపు ఉంచాలి. తీగ ఆకుకు నిలువుగా గాలిలోకి పోకుండా, సంధికి ముందు ఐదు క్షీణ దూరాల మేరకు ఆకు ఉపరితలంపైనే ఆనుకొని సాగాలి. అప్పుడు తీగకు కావలసిన వేడి సంధినుంచి కాక, దాని ముందున్న ఆకు భాగం నుంచి అందుతుంది. ఆకును టేపుతోనో, జిగురుతోనో కప్పివేస్తే పత్రరంధ్రాలు మూసుకుపోయి ఆ చోట ఉష్ణోగ్రత పెరుగుతుంది. పుష్పకంలో అయితే పొట్టు రెక్కల మధ్య సందులోంచి తీగను లోపలికి పంపి, బయట భాగాన్ని కంకి కాడ వెంట కొంతదూరం నడిపించి, కాడకు సన్నని దారంతో కట్టాలి. తీగ బరువు పుష్పకంపై పడకూడదు. కొలిచిన పుష్పకాన్ని తాలు లెక్కలో చేర్చకూడదు. గుచ్చడం వలన కలిగిన గాయం ఫలితాన్ని మార్చవచ్చు. పక్కనున్న, తాకని పుష్పకాలనే లెక్కించాలి.

పైరులో ఎండ తగిలిన కంకికి, ఆకుల నీడలోని కంకికి మధ్య తేడా ఉంటుంది. అందువలన ఒక్క పుష్పకంలో అతి కచ్చితమైన కొలత కంటే, వివిధ ఎత్తులలో, వివిధ దిక్కులలో ఉన్న అనేక పుష్పకాలలో తగినంత కచ్చితమైన కొలతలు ఎక్కువ ఉపయోగపడతాయి. మడి మొత్తం సగటు కావలసినప్పుడు పరారుణ థర్మామీటరు అనుకూలం. అయితే అది ఆకును, కంకిని, మధ్యలో కనిపించే నీటిని కలిపి చూస్తుంది కాబట్టి, కంకి వేడిని విడిగా చెప్పడంలో దానికి ఉష్ణయుగ్మం తోడు కావాలి.

సంకేతం, లాగర్

ఇ రకంలో 0.1 డిగ్రీ తేడా అంటే 6 మైక్రోవోల్టులు. ఇంత చిన్న సంకేతానికి పొరుగున ఉన్న మోటారు తీగ కూడా శత్రువే. తీగలను మెలిపెట్టి, కవచం గల కేబుల్‌లో నడిపి, కవచాన్ని ఒక చివర మాత్రమే భూమికి కలపాలి. 50 హెర్ట్జ్‌ల రొదను తొలగించడానికి లాగర్ ఒక్కొక్క కొలతను 20 మిల్లీసెకన్ల పాటు సగటు చేయడం పరిపాటి. పుష్పకానికి ఇది నిరపాయం. 25 మైక్రోమీటర్ల తీగతో గాలిని కొలిచేటప్పుడు మాత్రం ఈ సగటు తీగ కాల స్థిరాంకమంత పెద్దది. తీగ సంపాదించిన వేగంలో కొంత ఇక్కడ ఖర్చవుతుంది.

రెండవ సంధి లాగర్ బిగింపుల వద్ద ఏర్పడుతుంది. దాని ఉష్ణోగ్రతను లాగర్‌లోని థర్మిస్టర్ కొలుస్తుంది. పెట్టెపై ఒకవైపు ఎండ పడితే బిగింపులన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉండవు. ఆ తేడా మొత్తం కొలతలో దోషంగా చేరుతుంది. పెట్టెను నీడలో ఉంచి, బిగింపులపై మూత వేయడం తప్పనిసరి. పుష్పకానికి, గాలికి మధ్య తేడా మాత్రమే కావలసినప్పుడు రెండు సంధులను ఎదురెదురుగా కలిపి, ఒకటి పుష్పకంలో, మరొకటి పక్కన గాలిలో ఉంచితే లాగర్ ఉష్ణోగ్రతతో నిమిత్తం లేకుండా తేడా నేరుగా వస్తుంది. తేమ ప్రభావాన్ని అధ్యయనం చేసేవారికి ఇది ఎంతో అనువైన అమరిక.

తనను తాను పరీక్షించుకునే పద్ధతి

కరుగుతున్న మంచులో, తరువాత ధ్రువీకరించిన థర్మామీటరు గల నీటి తొట్టెలో క్రమాంకనం చేయడం మొదటి మెట్టు. అది తీగను, లాగర్‌ను పరీక్షిస్తుందే కాని అమరికను పరీక్షించదని ముందే చూశాం. అమరికను పరీక్షించడానికి ఒక పాత, నమ్మదగిన ఉపాయం ఉంది. ఒకే రకం లోహాలతో మూడు వేరు వ్యాసాల ఉష్ణయుగ్మాలు చేసి, ఒకే కంకిలో పక్కపక్క పుష్పకాలలో ఉంచి, వాటి స్థానాలను మార్చుతూ కొలవాలి. వచ్చిన ఉష్ణోగ్రతలను వ్యాసానికి ఎదురుగా గ్రాఫుపై గుర్తించి, గీతను వ్యాసం సున్నా అయ్యేచోటికి పొడిగించాలి. అక్కడ వచ్చే విలువ తీగ లేనప్పుడు ఉండే ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. అన్నిటికంటే సన్నని తీగ విలువ దీనికి 0.1 డిగ్రీ లోపు ఉంటే ఆ తీగను నమ్మకంగా వాడవచ్చు. ఒక పూట పని ఇది. ఒక రకంపై మూడేళ్ళ ప్రయోగం విలువను కాపాడుతుంది.

పొలంలో ప్రతి ఉదయం కొన్ని విషయాలు చూడాలి. మంచు తడి ఉన్న సంధి ఆరేవరకు తడి బల్బు ఉష్ణోగ్రతను చూపుతుంది. సాలెగూడు తీగకు బరువును, నెమ్మదిని జోడిస్తుంది. పిచికారీ మందుల పొర ఎండిన తీగ, ఎండను ఎక్కువగా పీల్చుతుంది. తెగిన తీగ ఏదో ఒక సంఖ్యను చూపుతూనే ఉండవచ్చు కాబట్టి, నిరోధాన్ని కొలిచి తీగ నిలిచి ఉన్నదని నిర్ధారించుకోవాలి.

నివేదికలో ఉండవలసినవి

పరిశోధన పత్రాల్లోనూ, విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల్లోనూ ‘పుష్పక ఉష్ణోగ్రతను ఉష్ణయుగ్మంతో కొలిచారు’ అన్న ఒక్క వాక్యం సరిపోదు. లోహాల రకం, తీగ వ్యాసం, పూస పరిమాణం, సన్నని తీగ పొడవు, అది అవయవాన్ని ఆనుకొని సాగిన దూరం, కొలిచే సమయంలో గాలి వేగం, తేమ, కొలిచిన పుష్పకాల సంఖ్య తప్పక పేర్కొనాలి. ఈ వివరాలు ఉంటే పాఠకుడు పైన చూపిన విధంగా తీగ మోసిన వేడిని తానే లెక్కగట్టి, ఆ ఫలితం 33.7 డిగ్రీల హద్దుకు ఏ వైపున ఉందో తేల్చుకోగలడు. అవి లేనప్పుడు నమోదైనది పుష్పకం ఉష్ణోగ్రతో, తీగ తెచ్చిన వేడో ఎవరూ చెప్పలేరు. ఆ కొలత ఆధారంగా ఒక రకాన్ని వేడిని తట్టుకునేదిగా విడుదల చేయడం కూడా సాధ్యం కాకూడదు.